పుట్టి కింద ఖాళీ గళ్లు

గద్వాలలో గజాలా దుకాణానికి మెట్లెక్కి పోవాలి. కింద గది ఖాళీగా ఉన్నా, అద్దె తక్కువే అయినా, ఆ పిల్ల పైకి పోయి కూర్చుంది. మోకాళ్లు పట్టుకుని ఎక్కుతూ ఆమెను తిట్టడం నాకు అలవాటు.

"తిట్టు పెద్దమ్మా, తిట్టుకుంట ఎక్కితే ఆయాసం తెల్వదు" అంటుంది పైనుంచి.

"కింది గదికి ఏమైందే? దయ్యాలున్నయా?"

"నీళ్లొస్తయి."

"గద్వాల బజార్ల నీళ్లేందే? ఏరు ఎక్కడుంది, నువ్వెక్కడున్నవు?"

"రాజోలిల గూడ గట్లనే అన్నరు."

ఆ మాట గుర్తుపెట్టుకుని మిగిలిన మెట్లు ఎక్కాను.

గజాలా చేసే పని చీరల అంచులు గీయడం. కాగితం మీద కాదు, కంప్యూటర్లో. తెర నిండా చిన్న చిన్న గళ్లు ఉంటాయి. ఒక్కో గడి నింపుకుంటూ పోతే నెమలో, రుద్రాక్షో, గోపురమో తేలుతుంది. ఆ బొమ్మ మగ్గానికి ఎక్కుతుంది. మా నేతవాళ్లంతా ఆమె దగ్గరికే పోతారు. పోయి ఆమె మీద చాడీలు చెప్పుకుంటారు, మళ్లీ ఆమె దగ్గరికే పోతారు. ఇరవై ఆరేళ్ల పిల్ల గురించి నాలాంటి ముసలిది ఇంత రాయడమేంటని అనుకోవద్దు. మూడో తరగతి దాకా చదివిన చదువు ఎప్పుడో ఒకప్పుడు పనికిరావాలి కదా.

మా ఊరు రాజోలిలో మా ఇంటికీ వాళ్ల ఇంటికీ మధ్య ఒక్కటే గోడ. వాళ్ల నాయన అబ్దుల్ మజీద్ అట్టలు కొట్టేవాడు. మగ్గం నెత్తిన జాకార్డు అని ఒక పెట్టె ఉంటుంది. దానికి చిల్లులు కొట్టిన అట్టలు దండలాగా వేలాడతాయి. ఆ చిల్లులను బట్టి పట్టు పోగులు లేస్తాయి, అంచు మీద బొమ్మ పడుతుంది. చిల్లు తప్పు పడితే నెమలికి తోక మెడలో మొలుస్తుంది. మజీద్ చేతిలో ఎన్నడూ మొలవలేదు.

మాలో ఒక కట్టుబాటు ఉండేది. ఒక ఇంటి అంచు ఇంకో ఇంటికి పోకూడదు. బొమ్మ గీసిన కాగితం ఇచ్చి అట్టలు కొట్టించుకుంటే, పని అయ్యాక మజీద్ ఆ కాగితాన్నీ అట్టలనూ తిరిగి ఇచ్చేవాడు. అంతటితో ఆగేవాడు కాదు. చిల్లులు కొట్టగా రాలిన చిన్న చిన్న ముక్కలు కూడా ఊడ్చి సంచిలో పోసి ఇచ్చేవాడు.

"గీ చెత్త నాకెందుకు మజీదూ?" అని నేను నవ్వితే, "మీ ఇంటిదేదీ నా ఇంట్ల ఉండొద్దు వదినా. ఉంటే నాకు నిద్ర పట్టదు" అనేవాడు. అంత నమ్మకస్తుడని ఊరంతా పొగిడేది.

మా ఇంటి అంచు పుట్టి అంచు. పుట్టి అంటే ఏరు దాటడానికి వెదురుతో అల్లి బయట తోలు కప్పిన గుండ్రటి పడవ. నా పుట్టినూరు తుంగభద్రకు అవతలి ఒడ్డు. పెళ్లయ్యాక నన్ను రాజోలికి తెచ్చింది పుట్టిలోనే. నడి ఏట్లో అది గిర్రున తిరిగితే నేను భయపడి మా ఆయన భుజం పట్టుకున్నానట. "అందరి ముందు పట్టుకున్నది సిగ్గులేకుంట" అని రామచంద్రయ్య ముసలితనం దాకా చెప్పుకున్నాడు. ఆ పుట్టినే ఆయన అంచు మీదికి తెచ్చాడు. పైన వరసగా పుట్లు, ఒక్కోదానికి వెండి జరీ తెడ్డు, కింద నీలం పట్టులో అలలు. ఆ అలలను చూస్తే నిజంగా కదులుతున్నట్టు ఉండేది. ఎట్లా గీశాడో నేను అడగలేదు. అడిగితే ఎక్కువ చేస్తాడని.

పదహారేళ్ల కింద ఒక ఏడు తుంగభద్ర ఊళ్లోకి వచ్చింది. నీళ్లొస్తున్నాయని తెలిసినప్పుడు ప్రతి ఇంటివాళ్లూ ఒకే పని చేశారు. అట్టల మూట కట్టి మిద్దె దూలానికి వేలాడదీశారు. ఎలుకల నుంచి కాపాడుకునేందుకు మా మామల కాలం నుంచీ చేసే పనే అది. పైన ఉన్నది తడవదనుకున్నాం. గీసిన కాగితం కూడా భద్రమని అదే మూటలో పెట్టాం. మా మిద్దెలు మట్టివి. ఆ సంగతి ఏరుకు గుర్తున్నది, మాకు లేదు. గోడలు నానిపోయి దూలం కిందికి వచ్చింది. మేము రోడ్డు మీది గుడారాల నుంచి తిరిగి వచ్చేసరికి గుంత మగ్గాల్లో బురద, బురదలో ముద్దగా అట్టలు.

అప్పుడు మజీద్ ఇంటి ముందు జనం చేరారు. ఎవరూ తిట్టలేదు. ఒక్కొక్కరే వచ్చి మెల్లగా అడిగారు.

"మజీదూ, మా అంచు నకలు ఏమన్న నీ దగ్గర ఉన్నదా?"

ఒక్క కాగితం ముక్క కూడా ఉంచుకోవద్దని కట్టడి చేసినవాళ్లే అందరూ. అందరికీ ఆయన "లేదన్నా, లేదక్కా" అని చెప్పాడు. ఒక్కో లేదుకూ మనిషి ఇంకొంచెం వంగిపోయాడు. ఆయన లుంగీ పట్టుకుని గౌను పిల్ల ఒకతె నిలబడి అన్నీ వింటోంది. ఆ పిల్లే గజాలా.

మజీద్ మళ్లీ సుత్తి పట్టలేదు. కూరగాయలు అమ్ముకుంటూ కాలం వెళ్లదీసి పోయాడు. మా ఆయనకు ఆ ఏడే పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, మాట కూడా పోయింది. పోయేదాకా కళ్లతో మాత్రం చూసేవాడు. పుట్టి అంచు చీర ఒక్కటైనా ఇంట్లో ఉంటే చూసుకునేదాన్ని. నేసేవాళ్ల ఇంట్లో పట్టుచీర ఎక్కడిది? మగ్గం దిగిన చీర మగ్గం దిగినట్టే అమ్ముడు పోయేది. అట్లా నా అంచు లోకంలో ఎక్కడో ఎవరి పెట్టెలోనో ఉంది, నా దగ్గర లేదు. ఇంతకాలం నా మనసులో ఉన్న కోరిక ఒక్కటే. దాన్ని ఇంకొక్కసారి చూడాలి.

గజాలా వరద తర్వాత వేసిన రేకుల షెడ్డులో చదివి, గద్వాలకు వచ్చి డిగ్రీ చేసింది, ఎవరి దగ్గరో కూర్చుని కంప్యూటర్లో గళ్లు నింపడం నేర్చుకుంది. సెల్లులు బాగుచేసే షోయబ్‌ను పెళ్లి చేసుకుంది. సొంత దుకాణం పెట్టిన మొదటి రోజు నుంచీ ఆమెకు ఒక పిచ్చి. గీసిన ప్రతి అంచూ మూడు చోట్ల ఉండాలి. ఒకటి దుకాణం కంప్యూటర్లో. ఒకటి చిన్న నల్ల డబ్బాలో ఎక్కించి వనపర్తిలో వాళ్లమ్మ కుల్సుమ్‌బీ ఇంట్లో. నెలకొకసారి పాత డబ్బా తెచ్చుకుని కొత్తది ఇచ్చి వస్తుంది. కుల్సుమ్‌బీ దాన్ని అత్తరు సీసాల పక్కన పెట్టి గుడ్డ కప్పుతుంది. మూడోది క్లౌడ్‌లో. అది షోయబ్ చెప్పిన తెలివి.

"అదెక్కడుంటది?" అని అడిగాను.

"ఎక్కడో పెద్ద పెద్ద కంప్యూటర్లుంటయి పెద్దమ్మా. గండ్ల మనకు జాగా ఇస్తరు. అద్దె కడతం."

"నువ్వు పోయి చూసినవా?"

"లే."

"చూడని ఇంట్ల సొమ్ము దాచినవా? ఎంత తెలివే!"

"చూసిన ఇల్లు మునిగింది కద పెద్దమ్మా."

ఈ మాట కూడా గుర్తుపెట్టుకున్నాను.

మా నేతవాళ్లకు ఈ మూడు చోట్ల సంగతి తెలిసి గొడవ చేశారు. అందరికంటే పెద్ద నోరు వెంకట్రాములుది. మా రాజోలి వాడే, గద్వాలలో మగ్గాలు పెట్టుకున్నాడు.

"మీ నాయన చెత్త గూడ ఊడ్చి ఇచ్చిండు. నువ్వేమో ముచ్చటగ మూడు తావుల దాచుకుంటున్నవు. రేపు మా అంచు ఏ సూరత్‌ల మిషన్ మీద అచ్చయితదో ఎవరికి తెలుసు?"

గజాలా ముఖం ఎర్రబడింది కానీ గొంతు పెంచలేదు. "మా నాయన దాచుకోలే. నువ్వు ఆనాడు వచ్చి ఏమడిగినవో నాకు యాదికుంది మామా. నేను ఆడనే నిలబడ్డ."

వెంకట్రాములు తలపాగా సరిచేసుకున్నాడు.

తర్వాత ఆమే ఒక దారి చెప్పింది. కంప్యూటర్లో, డబ్బాలో, క్లౌడ్‌లో, మూడు చోట్లా ఒక్కో ఇంటికి ఒక్కో అర. ఆ అరకు తాళం మాట ఆ ఇంటివాళ్లే పెట్టుకోవాలి. మాట కొట్టేటప్పుడు తను గోడ వైపు తిరిగి కూర్చుంటుంది. అర తెరవాలంటే ఇంటివాళ్లే రావాలి. అట్లా తన దగ్గర ఉంటుంది, తన చేతిలో ఉండదు. వాళ్ల నాయన మాటా పోలేదు, అంచూ పోదు. వెంకట్రాములు ఒప్పుకోనట్టు ముఖం పెట్టి ఒప్పుకున్నాడు.

పోయిన వానాకాలం ఆమె భయపడ్డది జరిగింది, అయితే తలకిందులుగా. నీళ్లు కింది నుంచి వస్తాయని పైకి పోతే, పైనుంచి వచ్చాయి. మిద్దె మీద ప్లాస్టిక్ ట్యాంకు పైపు ఊడిపోయి, స్లాబు పగుళ్లలో నుంచి తెల్లవార్లూ కారి, పొద్దున్న తలుపు తీసేసరికి కంప్యూటర్ నీళ్లలో కూర్చుని ఉంది. శ్రావణమాసం, పెళ్లిళ్ల కాలం. మగ్గాల మీద చీరలు సగంలో ఉన్నాయి. నేతవాళ్లు పరుగున వచ్చి మెట్ల మీద నిలబడ్డారు.

"మళ్ల మునిగినం" అన్నాడు వెంకట్రాములు, తలపాగా తీసి చేతిలో పట్టుకుని.

"మునగలే. జర ఓపిక పట్టు మామా" అంది గజాలా. షోయబ్ ఎక్కడి నుంచో ఒక కంప్యూటర్ అడిగి తెచ్చాడు. ఎండిన మూలన బల్ల వేశారు. ఆమె గోడ వైపు తిరిగింది. వెంకట్రాములు ఒక్కో అక్షరాన్నీ పొడిచినట్టు కొట్టాడు. అర తెరుచుకుంది. తెర చూసి ఆయన అరిచాడు.

"ఏయ్, ఇది నా అంచు గాదు!"

వెనక నుంచి నిరంజన్ అనే నేత పిల్లగాడు ముందుకు దూకాడు. "అది నాది! నా తాళం మాట నీకెట్ల తెలుసు మామా?"

"నీ మాట నాకెందుకురా? నేను నా మాటే కొట్టిన!"

గజాలా తొందరలో వెంకట్రాములు అర బదులు నిరంజన్ అర తాళం తెర మీదికి తెచ్చి గోడ వైపు తిరిగింది. అంతే జరిగింది. కానీ తాళం ఎట్లా పడింది? ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"అంజన్ననా?" అన్నాడు నిరంజన్ మెల్లగా.

"బీచుపల్లి అంజన్ననే."

మెట్ల మీద వరసగా నిలబడ్డవాళ్లంతా ఒక్కసారి నేల చూపులు చూశారు. ఎవరికీ చెప్పకుండా, ఎవరూ కనిపెట్టలేరని గుండెల మీద చెయ్యి వేసుకుని, ప్రతి ఇల్లూ పెట్టుకున్న తాళం మాట ఒక్కటే, బీచుపల్లి గుళ్లోని హనుమంతుడి పేరు. గజాలా నవ్వాపుకోలేక ముఖానికి దుపట్టా అడ్డం పెట్టుకుంది.

"ఎవ్వరూ సప్పుడు చేయకున్రి" అన్నాను నేను. "ఊరంతటికి కావలి ఒక్కడే ఉన్నడని తెలిసింది గద, దండం పెట్టుకోని తాళాలు మార్చుకోన్రి."

ఆ రోజు ఒక్కొక్క ఇంటి అంచూ తెర మీదికి దిగింది. నెమళ్లు దిగాయి, మామిడి పిందెలు దిగాయి, కోటకొమ్మలు దిగాయి. దిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు "ఆఁ, అదే, అదే" అన్నారు. నేను కుర్చీలో కూర్చుని చూస్తున్నాను. నాకు అక్కడ అర లేదు, పని లేదు. అయినా ఒక్కొక్కటీ వచ్చేటప్పుడు నా మెడ ముందుకు సాగింది. అన్నీ తిరిగి వచ్చే రోజు కదా, వాటి వెనకాలే నాదీ వస్తుందేమో అన్నట్టు. ఆఖరుది దిగి, అందరూ పోయి, తెర ఖాళీగా మెరుస్తున్నా నేను లేవలేదు.

గజాలా నా పక్కన స్టూలు వేసుకుంది. "పెద్దమ్మా, పుట్టి అంచు ఎవరెవరికి అమ్మిన్రు?"

"దారిన పోయేటోళ్లందరికి. నాకేం తెలుసు."

"పుట్టి ఎట్లుండేదో జర చెప్పు."

నేను చెప్పాను, ఆమె ఒక కాగితం మీద గీసి గోడకు అంటించింది. అంచు కాదు, ఒక్క పుట్టి, ఒక్క తెడ్డు. దుకాణానికి ఎవరు వచ్చినా దాన్ని చూపించి అడగడం మొదలుపెట్టింది. నేను ఎగతాళి చేశాను. తప్పిపోయిన పిల్లాడి బొమ్మ పెట్టినట్టు ఉందని అన్నాను. కానీ మెట్లు ఎక్కిన ప్రతిసారీ ముందు గోడ వైపే చూసేదాన్ని.

చలికాలంలో పాన్‌గల్ నుంచి గీత అనే ఆమె పెళ్లి చీరకు అంచు ఎంచుకోవడానికి వచ్చి, గోడ చూసి ఆగింది.

"గిసొంటి బొమ్మలు మా వదిన బొంతకున్నయి."

"బొంతకా!" అన్నాను. నా పట్టు అంచు బొంత అయిందని కోపం రావాలి. రాలేదు. వాళ్ల ఊరికి బస్సు ఎప్పుడుందని అడిగాను.

మరుసటి ఆదివారం గజాలా, నేను పాన్‌గల్ బస్సెక్కాం. ఎర్రవల్లి దాటి, బీచుపల్లి వంతెన మీద కృష్ణను దాటేటప్పుడు బస్సులో జనమంతా అంజన్నకు దండం పెట్టారు. గజాలా నన్ను మోచేత్తో పొడిచి "పెద్దమ్మా, ఒక్క తాళం చెవికి ఎన్ని దండాలో" అంది. నేను నవ్వలేదు. నేనూ దండం పెట్టుకున్నాను.

గీత వదిన ఈదమ్మ నలభై ఐదేళ్ల మనిషి. వేరుశనగ చేను నుంచి అప్పుడే వచ్చినట్టుంది, చేతులకు ఎర్రమట్టి. సంగతి విని, చేతులు కడుక్కుని, మంచం మీది నుంచి బొంత తెచ్చి అరుగు మీద పరిచింది. వాళ్లమ్మ పెళ్లికి కొన్న చీర అట. చినిగిపోతే ఆ తల్లే బొంత కుట్టింది. కొంగు మనవల ఉయ్యాలలకు పోయింది, అంచు బొంతకు చుట్టూ గట్టి అంచుగా మిగిలింది.

పుట్లు ఉన్నాయి. రంగు దిగిపోయి, జరీ నల్లబడి, అయినా వరసగా ఉన్నాయి, తెడ్లతో సహా. నేను వాటి మీద చెయ్యి పెట్టాను. అరచేతికి రామచంద్రయ్య భుజం తగిలినట్టు అయింది. ఎవరి ముందూ ఏడవని దాన్ని నేను. ఆ రోజూ ఏడవలేదు, కళ్లు తుడుచుకున్నాను అంతే.

గజాలా సెల్లుతో జానెడు జానెడుగా ఫొటోలు తీసింది. తీస్తూ తీస్తూ ఆగిపోయింది.

"పెద్దమ్మా, కింద అలలు?"

అలలు లేవు. బొంత కుట్టేటప్పుడు అంచును సగానికి లోపలికి మడిచి కుట్టింది ఆ తల్లి. పుట్లు బయట, అలలు లోపల. చుట్టూ అట్లాగే. సన్నని గట్టి కుట్లు, ఎక్కడా వేలు కూడా దూరదు.

"నాలుగు కుట్లు విప్పుదాం. చూసుకోని నేనే మళ్ల కుడత" అన్నాను.

ఈదమ్మ బొంతను తన వైపు లాక్కుంది. "వద్దు అవ్వా."

"నాలుగంటే నాలుగే. నా చేతి కుట్టు నువ్వు చూడలే. మీ అమ్మ కుట్టుకంటె సన్నగుంటది."

"ఉంటది గావొచ్చు. మా అమ్మకు కండ్లు మసక. తడుముకుంట తడుముకుంట కుట్టింది. గా నాలుగు కుట్లే మా అమ్మ నాకు."

నా నాలుక మీదికి మాట వచ్చింది. ఆ అలలే మా ఆయన నాకు, అని. అనలేదు. ఆమె గుప్పిట్లో బొంత మూల ఎంత గట్టిగా ఉందో చూశాను. నేనైనా అట్లానే పట్టుకునేదాన్ని.

ఆమే కాసేపటికి మెత్తబడింది. "నేను పోయినంక రాన్రి. మా వాళ్లకు చెప్పిపోత. అప్పుడు విప్పుకోన్రి, ఎంత గావాల్నో అంత."

"నువ్వు పోయినంకనా? నేను మీ అమ్మ ఈడుదాన్నే!"

"నేనేం జేయాలె అవ్వా, పానం గట్టిది మా వంశంల" అంది ఈదమ్మ. ముగ్గురం నవ్వాం. తర్వాత ఆమె జొన్నరొట్టె పెట్టింది, తిన్నాం.

గద్వాలకు వచ్చి గజాలా పుట్లన్నీ గళ్లలోకి ఎక్కించింది. కింద సగం తెల్లగా ఉండిపోయింది.

"నువ్వు నేసినవు గద పెద్దమ్మా, అలలు ఎట్లుండె? చెప్పు, నింపుత."

కళ్లు మూసుకుని చూశాను. నీలం కనిపించింది, కదలిక కనిపించింది. గడి గడిగా అడిగితే ఏమీ లేదు. ఏళ్ల తరబడి నేసిన మాట నిజమే. కానీ మగ్గం మీద నా కాలు తొక్కింది, చెయ్యి పోగు మోసే నాడె విసిరింది. అల ఎక్కడ లేవాలో తెలిసింది అట్టలకు, అట్టలను గీసిన మనిషికి. అట్టలూ లేవు, ఆయనా లేడు.

వెంకట్రాములు తెర మీదికి వంగి చూసి, "ఏదో ఒక అల గీయి పోరీ. ఎవరు చూసొచ్చిన్రు?" అన్నాడు. గజాలా రెండు రకాలు గీసి చూపింది కూడా. రెండూ బాగున్నాయి. రెండూ ఆయనవి కావు.

"తీసెయ్" అన్నాను. "ఖాళీ ఉంచు."

"నీళ్లు లేకుంట పుట్టి ఎట్ల పెద్దమ్మా?"

"ఒడ్డుమీద పెట్టినట్టుంటది. నీళ్లొచ్చేదాక ఆగుతది. ఆగనీ."

ఆమె గీసిన రెండు రకాల అలలనూ చెరిపేసింది. ఖాళీ గళ్లతో సహా నా పేరు మీద అర తెరిచింది. "తాళం మాట కొట్టు" అని గోడ వైపు తిరిగింది.

"ఇటు తిరుగు" అన్నాను.

"వద్దు పెద్దమ్మా, మాట మాటే."

"మాట నేను పెట్టుకుంటె నాతోనే కాలిపోతది. గా ఈదమ్మ గిప్పట్ల పోదు. తెరిచేదానివి నువ్వే, అలలు నింపేదానివి నువ్వే. మీ నాయన దగ్గర ఒక్క ముక్క గూడ ఉండనియ్యలే మేము. నీ దగ్గర పెడుతున్న. తిరుగు."

తిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నేను చెవిలో చెప్పాను, ఆమె కొట్టింది. ఆ మాట ఇక్కడ రాయను. అంజన్న మాత్రం కాదు.

తెర మీద చిన్న గీత ఒకటి మెల్లగా నిండింది.

"పోయిందా?"

"పోయింది పెద్దమ్మా. అమ్మ దగ్గరికి గూడ రేపు ఇచ్చొస్త."

"ఎన్ని రోజులుంటది ఆడ?"

"అద్దె కట్టినన్ని రోజులు."

"మానకుంట కట్టు" అన్నాను, మోకాళ్లు పట్టుకుని లేస్తూ. "గా ఈదమ్మ మస్తు గట్టిది. నువ్వు చానా ఏండ్లు కట్టాలె."